కరణం గారి దస్త్రం, మనవడి ఫోను

వెబ్‌సైటు మంచిదో చెడ్డదో తేల్చటానికి మా ప్రొద్దుటూరు ఆడవాళ్ల దగ్గర ఒక కొలత ఉంది. జేజి ఒక్కతే కూర్చుని, మనవణ్ణి కేకెయ్యకుండా పని ముగించుకుంటే అది మంచిది. "ఒరే అబ్బీ, ఒక్కసారి ఇట్లరా నాయనా" అని పిలవాల్సి వస్తే చెడ్డది. అంతే. రంగులూ, కదిలే బొమ్మలూ, పైన జారిపోయే అక్షరాలూ లెక్కలోకి రావు. మిద్దె ఎంత పెద్దదయితేనేం, గుమ్మం ఎటుందో కనపడకపోయాక!

వినటానికి తేలిగ్గా ఉంటుంది గానీ ఈ కొలత వెనక చాలా కథ ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల - ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల కాగితానికీ మనిషికీ మధ్య ఎప్పుడూ ఒక మూడో మనిషి కూర్చునే ఉన్నాడు. అతని పేరు మారింది, వేషం మారింది, వయసు కూడా తగ్గుతూ వచ్చింది. ఆ కుర్చీ మాత్రం ఖాళీ కాలేదు.

మొదట ఆ కుర్చీలో ఉన్నవాడు కరణం. పొలం ఎవరిదో, ఎంతో, అందులో ఏం పండిందో, శిస్తు ఎంత బాకీ ఉందో అన్నీ ఆయన దస్త్రంలో ఉండేవి. ఆ దస్త్రం ఆయన ఇంట్లో గుడ్డమూటలో ఉండేది. మూట విప్పించటమే ఒక పని. విప్పినా చదవటం మరో పని. కరణాల రాత గొలుసుకట్టు. కలం ఎత్తకుండా, మాటకూ మాటకూ మధ్య ఎడం లేకుండా, ఒక అక్షరం తోక పట్టుకుని ఇంకో అక్షరం నడిచేది. అయిదో తరగతి చదివిన రైతుకు కూడా అది అంతుపట్టేది కాదు. మా జేజి అనేది, "ఆయప్ప చదివినాడు, మేం తలూపినాం, వేలు పెట్టమన్న చోట వేలు పెట్టినాం" అని. ఆ తలూపటంలో ఎంత భూమి ఎటు పోయిందో ఎవరికి తెలుసు? అందరు కరణాలూ చెడ్డవాళ్లని నేననను. మంచివాళ్లు చాలామంది ఉన్నారు. కానీ మంచివాడా చెడ్డవాడా అన్న ఒక్క దాని మీద ఊరంతా ఆధారపడి ఉండటమే అసలు చిక్కు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. మూటలు మండలాఫీసులు చేరాయి. అయితే గొలుసుకట్టు మాత్రం ఎక్కడికీ పోలేదు. కొన్నాళ్లు దాక్కుని, వేరే రూపంలో తెర మీదికి వచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మన నేల అసలు అక్షరాలకు కొత్తది కాదు సుమండీ. ఎర్రగుంట్ల మండలంలో, థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలకు దగ్గరలో, కలమళ్ల అనే ఊరుంది. అక్కడి చెన్నకేశవ స్వామి గుళ్లో దొరికిన రాతి మీద రేనాటి చోళుడు ధనంజయుడి శాసనం ఉంది. క్రీ.శ. 575 నాటిదని పండితులు లెక్కగట్టారు. మనకు దొరికిన శాసనాల్లో తెలుగులో ఉన్న మొదటిది అదేనంటారు. అంతవరకూ రాజు ఏదన్నా చెప్పదలిస్తే ప్రాకృతమో సంస్కృతమో కావాలి. ఈ మహానుభావుడికి ఏం తోచిందో, ఇక్కడి జనం మాట్లాడే మాటనే రాయి మీద చెక్కించాడు. ఆ రాయి ముందు నిలబడ్డవాళ్లలో ఎందరికి చదువొచ్చునన్నది వేరే విషయం. ఎవరైనా పైకి చదివితే మాత్రం చాలు, పక్కవాడికి అర్థమయ్యేది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌను తన పని సాగటం కోసం మన అక్షరాలు తను నేర్చుకున్నాడు. పరాయి దేశం నుంచి వచ్చిన దొర మన గుణింతాలు దిద్దుకుంటే, ఆయన తర్వాత నూట డెబ్భై ఏళ్లకు వచ్చిన యంత్రం మాత్రం "నా అక్షరాలు నువ్వు నేర్చుకో" అని కూర్చుంది.

చిత్రమేమిటంటే, తలుపు మొదటి నుంచీ తెరిచే ఉంది. 1991 ఆగస్టులో టిమ్ బెర్నర్స్-లీ తన వెబ్బును లోకానికి చూపించాడు. అదే ఏడాది అక్టోబరులో యూనికోడ్ మొదటి కూర్పు వెలువడింది. ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చి, ఏ యంత్రంలోనైనా ఆ అంకెకు ఆ అక్షరమే రావాలన్న ఒప్పందం అది. అందులో తెలుగుకు కూడా గళ్లు కేటాయించారు. అంటే వెబ్బూ, తెలుగు అక్షరాల అంకెలూ ఒకే ఏడాది పుట్టాయి. ఆ రెండూ కలుసుకోవటానికి మాత్రం పన్నెండు, పదమూడేళ్లు పట్టింది.

మన దేశంలో ఇంటర్నెట్టు జనానికి ఇచ్చింది 1995 ఆగస్టు 15న. మా ఊళ్లకు అది చేరేసరికి మేం కాలేజీల్లో ఉన్నాం. ఎస్టీడీ బూతుల పసుపు బోర్డుల పక్కన "ఇంటర్నెట్" అన్న బోర్డులు మొలిచాయి. ప్లైవుడ్డు గూళ్లు, ఒక్కో గూటికీ ఒక తెర, గుమ్మం దగ్గర "చెప్పులు బయట విడువవలెను" అన్న అట్టముక్క. గుడికి వెళ్లినంత భక్తిగా చెప్పులు విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. ఆడపిల్ల ఒక్కతే వెళ్లటం అప్పుడు మర్యాద కాదు. తమ్ముడో, అన్నో వెంట రావాలి. గంటకు ముప్పై రూపాయలిచ్చి, అందులో పావుగంట టెలిఫోను తీగ గరగరలకే పోగొట్టుకునేవాళ్లం.

అక్కడే ఆ కుర్చీలోకి రెండో మనిషి వచ్చాడు. నెట్ సెంటరు అబ్బాయి. మా తరంలో సగం మందికి మొదటి ఈమెయిలు చేసిపెట్టింది అతనే. పాస్‌వర్డు పెట్టిందీ అతనే. అది అతనికి గుర్తుండేది, మాకు గుర్తుండేది కాదు!

ఇక తెలుగు సంగతి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు 1998లోనే 'ఈమాట' అనే పత్రికను వెబ్బు మీద నడపటం మొదలుపెట్టారు. మన దినపత్రికలు కూడా వరసగా తెర మీదికి వచ్చాయి. అయితే ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. ఒకరి 'క' ఇంకొకరికి 'మ'. ఒక పత్రిక చదవటానికి తెచ్చిపెట్టుకున్న అక్షరాలు రెండో పత్రికకు పనికిరావు. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే వరసగా డబ్బాలు, ప్రశ్నార్థకాలు, తల తెగిన ఇంగ్లీషు అక్షరాలు. నేను చెప్పిన గొలుసుకట్టు ఇదే. కరణం గారు తీరిగ్గా కూర్చుని రాసినా ఇంతకన్నా అర్థం కాకుండా రాయలేరు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉండేది. కానీ అక్షరాలు సరిగ్గా కూర్చోవాలంటే ఎక్కడో లోపలి గదిలో ఒక మీట నొక్కి, అసలు సీడీ పెట్టాలి. నెట్ సెంటరులో ఆ సీడీ ఎవడిస్తాడు?

ఆ డబ్బాల్ని పగలగొట్టింది పెద్ద కంపెనీలు మాత్రమే అనుకోకండి. ఎవరూ జీతం ఇవ్వకపోయినా పూనుకున్న మనుషులు కొందరున్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు 'పోతన' అనే ఫాంటు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. (పోతన ఒంటిమిట్టవాడా, బమ్మెరవాడా అన్న తగువు ఇక్కడ వద్దు. కడప జిల్లా ఆడపడుచుగా నా ఓటు ఎటో మీకు తెలుసు.) వెన్న నాగార్జున 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు విత్తనం వేశారు. పత్రికల రకరకాల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే పనిముట్టు చేసిందీ ఆయనే. తర్వాత వీవెన్ చేసిన 'లేఖిని' వచ్చింది. ఇంగ్లీషు మీటల మీద "అమ్మ" అని కొడితే తెలుగులో అమ్మ కనపడేది. తెలుగు టైపు నేర్వని నాలాంటివాళ్లకు అది ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

ఆ రోజుల్లో నేను చూసిన అతి మంచి పేజీ ఏదో చెప్పమంటారా? ఇంటర్మీడియట్ ఫలితాల పేజీ. ఒక గడి, ఒక మీట. హాల్ టికెట్ నంబరు కొట్టు, మార్కులు చూసుకో. పేరడగదు, ఊరడగదు. జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చిన తండ్రి కూడా కొడుకు నంబరున్న చీటీ చూపించి తెలుసుకునేవాడు. ఫలితాల రోజున వచ్చిన జనానికి అది నిలబడేది కాదు, గంటలకొద్దీ తెరుచుకునేది కాదు. అది ఇరుకు గుమ్మం తప్పు. ఇల్లు మాత్రం చక్కనిది.

పులివెందుల వైపు కథ కొంచెం వేరు. 2006లో అక్కడ జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. 2008లో దగ్గర్లోని ఇడుపులపాయలో పల్లె పిల్లల కోసం ట్రిపుల్ ఐటీ పెట్టారు. పదో తరగతి కాగానే అందులో చేరిన పిల్లలకు ల్యాప్‌టాపులిచ్చారు. శనక్కాయ బస్తాల మధ్య తెర వెలగటం చాలా ఇళ్లలో అదే మొదలు. సెలవలకు ఇంటికొచ్చిన పిల్లకు పనులు వరసలో నిలబడేవి. మామకు రైలు టిక్కెట్టు, చిన్నాయనకు కరెంటు బిల్లు, పక్కింటావిడకు గ్యాసు. ఇంట్లో మొదటి ఇంజనీరు కాబోయే పిల్ల, తనకు తెలియకుండానే వీధికంతా రాతకోతలు చూసే మనిషి అయింది.

2011 నవంబరులో మీసేవ వచ్చింది. 2015లో మీభూమి వెబ్‌సైటు వచ్చింది. అడంగలు, ఒకటి-బి ఇంట్లోనే చూసుకోవచ్చన్నారు. మా జేజి తరంవాళ్లకు ఇది చిన్న మాట కాదు. గుడ్డమూట విప్పి ఊరందరి ముందు ఆరబెట్టినట్టు. పైగా తెలుగులో. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని సర్వే నంబరు వేస్తే పొలం కనపడుతుంది. ఈ మంచిని మంచిగానే ఒప్పుకోవాలి. కరణం ముందు తలూపిన వాళ్ల మనవరాలు తన పొలం తనే చదువుకుంది.

కానీ చూశారూ, ఏ వెబ్‌సైటుకైనా కష్టమంతా గుమ్మం దగ్గరే ఉంటుంది. అఖిల భారత దరఖాస్తు ఒకటి తెరవండి. మీ జిల్లా ఎంచుకోండి అంటుంది. వరస ఇంగ్లీషు అక్షరాల ప్రకారం ఉంటుంది. మన జిల్లా ఎక్కడ? దొరల కాలపు స్పెల్లింగు 'సి'తో మొదలయ్యేది. 2005లో దాన్ని 'కె'తో కడప చేశారు. 2010లో వై.యస్.ఆర్. జిల్లా అయింది కాబట్టి 'వై'లో చూడాలి. 2025లో వై.యస్.ఆర్. కడప అన్నారు. ఒక్కో ఆఫీసు ఒక్కో సంవత్సరంలో ఆగిపోయి ఉంటుంది. అందుకే మావాళ్లు మొదట 'సి' దగ్గర వెతికి, తర్వాత 'కె'కు దిగి, చివరికి అట్టడుగున 'వై' దగ్గర తేలతారు. ఇక ప్రొద్దుటూరుకు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులో! తద్దినం సంకల్పంలో మన ఊరు ఏ నదికి ఏ దిక్కునుందో చెప్పటమే దీనికన్నా సులువు.

తర్వాత పేరు. మొదటి పేరు ఒక గడిలో, చివరి పేరు ఇంకో గడిలో వెయ్యమంటుంది. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ల ఇంటిపేరు చివరుంటుంది. ఆడవాళ్ల సంగతి అడగనే వద్దు. పుట్టింటిపేరుతో పదో తరగతి సర్టిఫికెట్టు, అత్తింటిపేరుతో ఓటరు కార్డు, ఏ ఇంటిపేరూ లేకుండా ఆధారు. ఎక్కడో దూరాన కూర్చున్నవాడు గీసిన రెండు గడుల్లో ఒక ఆడదాని జీవితం పట్టలేదు. అది ఆమె తప్పెట్లా అవుతుంది?

జమ్మలమడుగు దగ్గర పల్లెలో మాకు తెలిసినావిడ ఒకామె ఉంది. భర్త పోయాడు. మూడెకరాలు ఆమె పేరు మీదికి మారింది. పాసుపుస్తకంలో లక్ష్మీదేవి. ఆధారులో లక్ష్మిదేవమ్మ. ఊళ్లో ఎవరినడిగినా ఇద్దరూ ఒకటేనని చెబుతారు. ఒక పథకానికి దరఖాస్తు పెడితే, పేర్లు కలవలేదని ఎర్ర అక్షరాలతో ఒక వాక్యం వచ్చింది, అదీ ఇంగ్లీషులో. ఆ వాక్యం కింద జవాబు చెప్పుకోవటానికి ఒక్క గడి కూడా లేదు. వంకర అక్షరాలు చూసి అలాగే కొట్టమనే పరీక్ష మూడుసార్లు తప్పింది. నాలుగోసారి సరిగ్గా కొట్టేసరికి "సమయం అయిపోయింది, మళ్లీ మొదలుపెట్టండి" అంది. ఆ సీజను డబ్బు ఆమెకు రాలేదు. "కరణమన్నా అయితే అరుగు మీద కూర్చోని ఏడ్సి చెప్పుకొనేదాన్ని. దీనికి అరుగు యాడుందమ్మా?" అంది. ఇన్నేళ్లుగా వెబ్‌సైట్ల గురించి ఎందరో ఇంజనీర్లు చెప్పింది విన్నాను. ఇంతకన్నా సూటిగా ఒక్కరూ చెప్పలేదు.

కరోనా ఏడాదిలో ఈ గుమ్మం సంగతి ప్రాణాల మీదికే వచ్చింది. 2021లో టీకా కోసం కోవిన్‌లో నమోదు చేసుకోవాలన్నారు. 18 నుంచి 44 ఏళ్లవాళ్లకు మొదట్లో అది తప్పనిసరి. ఇంగ్లీషు చదవగలిగి, చేతిలో ఫోనుండి, ఓటీపీ వచ్చిన క్షణంలో కొట్టగలిగినవాడికి స్లాటు. మే 31న సుప్రీంకోర్టు ఫోను లేనివాళ్ల గతేమిటని గట్టిగా అడిగింది. జూనులో తెలుగు, హిందీలతో పాటు మరికొన్ని భాషల్లో కోవిన్ తెరుచుకుంది. అప్పటికి రెండో అల చాలా ఇళ్లను ముంచి వెళ్లింది.

మంచి కూడా చెప్పాలి కదా. నాకు తెలిసి జేజిలందరి మనసూ గెలిచింది ఒకే ఒక బొమ్మ. మైకు బొమ్మ. 2013లో వాట్సాప్ గొంతు సందేశాలు తెచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయింది. 2017లో గూగుల్ తెలుగు మాటను విని రాయటం నేర్చుకుంది. ఈ మూడూ కలిశాక చదువురాని ముసలమ్మలకు మొదటిసారి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. మన జిల్లా నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో మీకు తెలుసు. వెనకటి రోజుల్లో వాళ్ల ఇళ్లకు టేపు క్యాసెట్లు వచ్చేవి. ఊరికి వస్తున్నవాళ్ల చేత పంపిస్తే, అవి విన్నప్పుడు ఇల్లంతా ఏడ్చేది. జవాబు క్యాసెట్టు తిరిగి వెళ్లటానికి నెలలు. ఇప్పుడు ఇమోలో తల్లి ముఖం కనపడుతుంది. బొమ్మ మీద వేలుంచి మాట్లాడటం, వేలు తీస్తే మాట వెళ్లిపోవటం - దీనికి ఏ పాఠమూ అక్కర్లేదు. అక్కడ కువైట్‌లో తెల్లవారకముందే ఇక్కడి జేజి గొంతు చేరిపోతుంది, "పిల్లోడు అన్నం తిన్న్యాడు, నువ్వు తిన్న్యావా" అని.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లవాళ్లూ దీన్ని త్వరగానే పట్టుకున్నారు. వ్యాపారస్తుడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. గుమ్మం ఎంత వెడల్పుగా ఉంటే బేరం అంత!

అయినా ఆ కుర్చీలో ఇప్పుడు మూడో మనిషి ఉన్నాడు. మనవడు. పద్నాలుగేళ్లవాడికి జేజి పింఛనెంతో తెలుసు, బ్యాంకులో ఎంతుందో తెలుసు, రహస్య సంఖ్య తెలుసు. చాలా ఇళ్లలో ఆ సంఖ్య వెంకట్రామా క్యాలెండరు మీద పాల లెక్క పక్కనే రాసి ఉంటుంది. మనవడు మంచివాడే. కరణాల్లోనూ మంచివాళ్లున్నారని చెప్పానుగా. తన కూతురికి చీర కొనటానికి రెండువేలు తీసుకుంటే ఎవరికీ తెలియని కాలం జేజిది. ఇప్పుడు తీసిన మరునిమిషం ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. మధ్యలో మా తరం ఆడవాళ్లం, ఇటు అమ్మకు తెర చదివిపెడుతూ, అటు కొడుకును తెర ముందు నుంచి లేపుతూ. ఫోను మోగి ఎవడో "బ్యాంకు నుంచండీ" అంటే, గౌరవంగా మాట్లాడాడు గదా అని ఓటీపీ చెప్పేసే పెద్దవాళ్లను చూస్తే నాకు కోపం రాదు. ఆఫీసువాళ్లు అడిగింది చెప్పాలని వాళ్లకు నేర్పిందెవరు?

2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' అని వాట్సాప్‌లోనే 161 సేవలు పెట్టింది. జనం ఉన్న గదికే ఆఫీసు నడిచి రావటం తెలివైన పని. అదే ఏడాది ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో మంచి తీర్పిచ్చింది. బ్యాంకు గుర్తింపు కోసం కెమెరా ముందు కళ్లార్పమంటే, యాసిడ్ దాడిలో కళ్లు పోయినవాళ్లూ, చూపులేనివాళ్లూ ఎట్లా ఆర్పుతారని కొందరు కోర్టుకెక్కారు. తెర దగ్గరికి చేరగలగటం జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది.

కళ్ల తర్వాత వేళ్లు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు మా వైపు పల్లెల్లో ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు ముందు కూర్చుని పేరు రాయటం నేర్చుకున్నారు. వేలిముద్ర పోయి సంతకం వచ్చిందని ఎంత సంబరపడ్డారో! ఇరవై ఏళ్లు తిరగకముందే యంత్రం వచ్చి, సంతకం వద్దు, వేలు పెట్టమంది. పత్తి తీసీ, కలుపు పీకీ, అంట్లు తోమీ అరిగిపోయిన వేళ్లు. పింఛను రోజున ఓ పెద్దావిడ అరుగు మీద కూర్చుని ఉంటే, ఇవ్వటానికి వచ్చిన అబ్బాయి యంత్రం ముందుకు జరిపాడు. కుడి బొటనవేలు పడలేదు. ఎడమది పడలేదు. ఆమె లోపలికి వెళ్లి పెన్ను తెచ్చింది. "సంతకం సేచ్చా నాయనా, నాకొచ్చు" అంది. "దీంట్లో సంతకానికి చోటు లేదవ్వా" అన్నాడు ఆ పిల్లవాడు, పాపం నొచ్చుకుంటూనే. ఆమె పెన్ను పక్కన పెట్టి, వేలు చీరకొంగుకు గట్టిగా తుడుచుకుని, మళ్లీ అద్దం మీద పెట్టింది. అయిదోసారికి పచ్చలైటు వెలిగింది.